కలశం మీద రేకు

మా అపార్టుమెంటు నల్లగండ్లలో. కింది అంతస్తులో అంబులెన్సులు పంపే చిన్న ఆఫీసు ఉంది. వాళ్ళ ఫోన్లూ, కంప్యూటర్లూ రెండూ మా డాబా మీది డిష్ ద్వారానే మియాపూర్‌లోని పెద్దాఫీసుకు కలుస్తాయి. వైరు లేదు. ఎదురెదురుగా రెండు డిష్‌లు, అంతే. ఆ లింకు చూసుకోవడం నా ఉద్యోగం.

అదే డాబా మీద మా సత్సంగం సప్తాహం, ఏడు రోజుల పారాయణం, పెట్టుకుంది. చదివేది నేనే, రేకుల షెడ్డు వేయించిందీ నేనే. డిష్ పక్కన నిలబడి అవతలికి చూశాను. అడ్డేమీ కనబడలేదు. కంటికి ఖాళీగా ఉంటే చాలదని, రెండు డిష్‌ల మధ్య దారి చుట్టూ కొంత జాగా వదలాలని కొత్తవాళ్ళకు చెప్పేవాణ్ణే. స్వామి పని కదా, ఆయనే చూసుకుంటాడనుకున్నాను.

మూడో రోజు నుంచి కింద ఫోన్లు ఎత్తే అమ్మాయి మాటలు తెగుతున్నాయని చెబుతూనే ఉంది. కంప్యూటర్లు నడుస్తున్నాయి కాబట్టి "మీ ఫోన్లలోనే తేడా" అనేశాను. డేటాలో ముక్క పోతే కంప్యూటరు మళ్ళీ తెప్పించుకుంటుంది. మనిషి మాట అలా కాదు, పోయింది పోయినట్టే. అదీ నాకు తెలుసు.

ఆరో రోజు పొద్దున, పారాయణం మధ్యలో, ఆ అమ్మాయి మెట్లెక్కి పరుగున వచ్చింది.

"అన్నా, జర లే! ఎవరో ఆమె, వాళ్ళాయనకు ఊపిరి ఆడుతలేదంట. గోపన్‌పల్లి అన్నది, ఇగ ఆ తర్వాత ఒక్క ముక్క వినబడ్తలేదు. నా సెల్ నుంచి చేస్తే బిజీ వస్తుంది. ఆమె మళ్ళ మళ్ళ మా నంబరుకే కొడుతుంది."

అప్పుడు చూశాను. గాలికి షెడ్డు చివరి రేకు లేస్తోంది. లేచినప్పుడల్లా డిష్ ముందుకు వస్తోంది.

నేను లేవగానే సత్సంగం పెద్దాయన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మాస్టారు, చెయ్యి అడ్డం పెట్టారు. "అధ్యాయం మధ్యలో లేవకూడదండి. ఆ రేకు కింద కలశం ఉంది."

"కలశాన్ని కదపనండి. రేకు తీస్తాను."

"చినుకులు పడుతున్నాయి కదండీ!"

"అయితే గొడుగు పట్టండి మాస్టారూ!" అని అరిచాను. ఆయన ముందు ఏనాడూ గొంతు పెంచినవాణ్ణి కాదు.

వాచ్‌మన్ స్పానర్ తెచ్చాడు. "గా రేకు ముందుకు జరుపుమన్నది మీరే కద సార్, దేవుని మీద చుక్క పడొద్దని!"

బోల్టు తిరగడం లేదు. నారాయణ, నారాయణ అనుకుంటూ రెండు చేతులా తిప్పాను. స్పానర్ జారి బొటనవేలు చీరుకుపోయింది. చివరికి రేకు కిందపడింది.

కాసేపటికి మెట్ల దగ్గర నుంచి అమ్మాయి కేక: "దొరికింది అన్నా, అడ్రసు దొరికింది! బండి పోతుంది!"

మాస్టారు కలశానికి గొడుగు పట్టుకుని తను తడుస్తున్నారు. "రండి, అధ్యాయం ముగించండి" అన్నారు నెమ్మదిగా. మరొకర్ని చదవమని దండం పెట్టి కిందికి దిగాను. తప్పు ఫోన్లది కాదని, నాదేనని ఆ అమ్మాయికి చెప్పాను.

"మరి ఈ మూడు దినాలు తెగిపోయినోళ్ళ సంగతేంది అన్నా?" అంది.

ఆ నంబర్లన్నీ తీయించి, నేనే ఒక్కొక్కదానికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. మొదటిది ఎవరూ ఎత్తలేదు.