గచ్చు మీద గీసిన కోత పండుగ

మేము సంఘం హాలు గచ్చు మీద సుద్దముక్కతో గీసింది ముగ్గు కాదు. ఎనభైల మొదట్లో ఈ మాట నలుగురి ముందూ చెప్పాను, ఎవరూ వినిపించుకోలేదు. అందుకే ఇప్పుడు రాసి పెడుతున్నాను.

బెంగళూరులో మాది చిన్న తెలుగు క్రైస్తవ సంఘం. ఎక్కువమంది నర్సులు, నాలాంటి బడిపంతులమ్మలు. సర్జాపుర వైపు సేద్యం చేసుకునే కుటుంబాలు కొన్ని. ఏటా కోత పండుగ చేసేవాళ్ళం. తోటలో కాసిన గుమ్మడికాయో, పెంచిన కోడో, ఇంట్లో చేసిన కేకో తెచ్చి ఆరాధనలో అర్పిస్తారు. తర్వాత వాటిని వేలం వేస్తారు. ఆపైన పిల్లల నాటిక, అందరికీ భోజనం. పండుగ నడిపేది పెద్దల కమిటీ. వండేది, వడ్డించేది, అంట్లు తోమేది స్త్రీల సమాజం. ఆ సమాజానికి నేను కార్యదర్శిని.

ముందటేడు పండుగ అభాసుపాలైంది. వేలం ఇంకా సాగుతుండగానే అన్నం వచ్చింది. వేలం సరుకులు పెట్టిన బల్లలే భోజనాల బల్లలు. గుమ్మడికాయలు ఎత్తి నేల మీద పెట్టి ఆకులు వేశారు. కట్టు ఊడిన పుంజు ఒకటి ఆకుల మీద నడిచింది. సగంమంది వేలంపాట వదిలేసి తినడానికి కూర్చున్నారు. కమిటీ పెద్ద రిటైరైన హెడ్‌క్లర్కు. మరుసటి ఆదివారం ఆయన మైకులో, ఆడవాళ్ళు వంట వేళకు ముగించకపోవడం వల్ల ఇబ్బంది కలిగిందని చెప్పాడు. వంట చెప్పిన వేళకే అయింది. ఆలస్యంగా మొదలైంది ఆయన వేలం.

అందుకే మరుసటేడు పండుగ మొత్తం స్త్రీల సమాజానికే అప్పగించమని అడిగాను. ఆయన నవ్వాడు.

"ప్లాను చూపించు టీచరమ్మా. ఆదివారం ఆరాధన అయినాక కమిటీ కూర్చుంటాది. నచ్చితే మీరే చేసుకోండి. లేకుంటే ఎప్పటి మాదిరే మేము చేస్తాము."

అంతకుముందే ఎండాకాలం సెలవుల్లో మాకు టీచర్ల శిక్షణ జరిగింది. అక్కడ ఒక కన్నడ మేడం బోర్డు మధ్యలో 'నీరు' అని రాసి చుట్టూ సున్నా చుట్టింది. మేము చెప్పిన మాటనల్లా కొమ్మలాగా గీసుకుంటూ పోయింది. బావి, వాన, రోగాలు, పంట. ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవాటిని మళ్ళీ గీతలతో కలిపింది. దాన్ని మైండ్ మ్యాప్ అంటారని చాలా ఏళ్ళకు తెలిసింది. నాకు నచ్చినదల్లా, ఎవరి మాట పైన, ఎవరి మాట కింద అనే పేచీ అందులో లేకపోవడం. మా కమిటీలో మా మాట ఎప్పుడూ చిట్టచివరిదే.

శనివారం మధ్యాహ్నం సమాజం ఆడవాళ్ళం హాల్లో చేరాం. కాగితం చాలదని ఎర్ర గచ్చు మీదే మొదలుపెట్టాను. మధ్యలో పెద్ద అక్షరాలతో 'కోత పండుగ' అని రాశాను.

"అక్కా, నీళ్ళు రాయి. పోయినసారి చేతులు కడిగేదానికి నీళ్ళు లేక అందరూ నా కొంగుకే తుడిచినారు" అంది ఒక నర్సు.

"అందరూ కాదులే, మీ ఆయన ఒక్కడే" అంది పక్కనున్నావిడ.

నవ్వుకుంటూనే నీళ్ళకో కొమ్మ గీశాం. వంటకు, వేలానికి, నాటికకు తలా ఒకటి. ఏ కొమ్మ ఎవరు చెబితే అది వాళ్ళది. ఒక్కో కుటుంబానికి ఒక చుక్క పెట్టి, వాళ్ళు చేయగల పనికి రంగు సుద్దతో గీత కలిపాం. చివర్లో చూస్తే 'బల్లలు' అన్న మాట దగ్గరికి మూడు గీతలు వచ్చి చేరాయి. వేలం నుంచి ఒకటి, భోజనం నుంచి ఒకటి, నాటిక వేదిక నుంచి ఒకటి.

"అయ్యో, ఉండేవి అవే కదక్కా బల్లలు!" అంది పాస్టరుగారి భార్య, మా పాస్టరమ్మ.

ఏళ్ళ తరబడి కమిటీకి కనబడని సంగతి అది. వేలం బయట చెట్టుకింద చాపల మీద పెడదామని, నాటిక ముందే ముగిద్దామని అక్కడికక్కడే తేల్చుకున్నాం.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారినీ కమిటీనీ తీసుకుని హాలు తలుపు తీశాను. గచ్చు తడిగా ఉంది. ఫినాయిల్ వాసన. కమిటీ పెద్దాయన పొద్దున్నే వచ్చి, చూసి, వాచ్‌మన్ చేత కడిగించాడట.

"దేవుని మందిరంలో ముగ్గేస్తారామ్మా? అదీ చుక్కల ముగ్గు!"

"అది ముగ్గు కాదప్పా, పండగ."

"పండగకే కదమ్మా ముగ్గేసేది!"

కమిటీ అంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. మా ఇళ్ళ ముందు ముగ్గు ఉండదు, వీధిలో మా ఇల్లు అడిగేవాళ్ళకు అదే గుర్తు. ఆయన బెదురు నాకు అర్థం కాకపోలేదు. చుక్కలున్నాయి, గీతలున్నాయి, ఒప్పుకుంటాను. మధ్యలో అక్షరాలు కూడా ఉన్నాయి. హెడ్‌క్లర్కుగా చేసిన మనిషి చదవలేడా?

"సరే, పోయింది పోనీ. ఒకటి, రెండు, మూడు అని చెప్పు, రాసుకుంటాము" అన్నాడు.

నోరు తెరిచాను. మొదట ఏది చెప్పాలి? బల్లలంటే వేలం చెప్పాలి, వేలమంటే నాటిక చెప్పాలి. తడబడ్డాను. ఆయన పెన్ను మూత పెట్టాడు.

"ఏమీ లేదన్నమాట. సుమ్నే, ఊరికే పొద్దు పోగొడతా ఉండారు" అంటూ లేవబోయాడు. ఆయన లేస్తే పండుగ మళ్ళీ వాళ్ళదే.

"ఎవరి కొమ్మ దగ్గర వాళ్ళు నిలబడండి" అన్నాను మావాళ్ళతో.

పాస్టరమ్మ మధ్యలో నిలబడింది. మిగిలినవాళ్ళు తడి గచ్చు మీద, నిన్న తమ గీత ఉన్న చోటికే వెళ్ళి నిలుచున్నారు. ఒక్కొక్కరు తమ పని చెప్పారు. అప్పుడు అడిగాను, బల్లలు ఎవరికి కావాలని. ముగ్గురు వచ్చి ఒకే బల్లను మూడువైపులా పట్టుకున్నారు.

"వదులక్కా, వేలానికి కావల్ల!"

"అన్నం నీ నెత్తిన పెట్టల్లనా?"

"పిల్లోళ్ళు యాడ నిలబడల్ల మరి?"

పాస్టరుగారు పగలబడి నవ్వారు. "పోయినేడు జరిగింది ఇదే కదప్పా!" అన్నారు. చాపలు, చెట్టుకింద వేలం సంగతి విని, "ఈసారి పండగ మీరే చేయండమ్మా" అన్నారు.

పండుగ మేమే చేశాం. వేలం ముగిశాకే ఆకులు పడ్డాయి. చివర్లో పెద్దాయన మైకు తీసుకుని, కమిటీ వేసిన చక్కటి ప్లానుకు వందనాలు చెప్పాడు. అదేమిటని అడగడానికి వెళ్ళాను.

"కమిటీ అంటే మీరు లేరామ్మా?" అన్నాడు.

కమిటీలో ఒక్క ఆడది లేదని ఆయనకు తెలుసు.

కొన్నేళ్ళకు ఆయన కొడుకు పెళ్ళి కుదిరింది. ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"టీచరమ్మా, మా ఇంటికొచ్చి ఆ... నువ్వు గీస్తావు చూడు, అది గీయల్ల" అన్నాడు. దాన్ని ఏమనాలో ఆయనకు తోచలేదు. నేను మాట అందించలేదు.

వెళ్ళాను. బల్ల మీద చార్ట్ పేపరు పరిచి ఉంచారు. చాలదన్నాను. వాళ్ళ ముందుగది గచ్చు మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గీశాను, చుక్కలతో సహా. పెళ్ళి అయ్యేదాకా ఆ ఇంట్లో అందరూ గోడవారగానే నడిచారు. తుడవొద్దని పనిమనిషికి ఆయనే చెప్పాడట.

పెళ్ళి బాగా జరిగింది. ముగ్గు అన్న మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. కనిపించినప్పుడల్లా అది ముగ్గు కాదని గుర్తుచేయడం నేనూ మానలేదు.