చేతికీ వీపుకీ మధ్య

“కళ్ళు మూసుకోండి. పడబోతే పట్టుకుంటాను గానీ, ముందే మాత్రం పట్టుకోను.” మెత్తటి స్పాంజి దిమ్మ మీదికి ఎక్కిన ప్రతి ఒక్కరితోనూ డాక్టరమ్మ అనే మాట ఇదే. లోపలి చెవి మనిషిని పడిపోకుండా ఎలా నిలబెడుతుందో తేల్చడం ఆమె పరిశోధన. చెప్పులు విడిచి, జుట్టు ముడేసుకుని, ఆ మనిషి వెనక చేరుతుంది. రెండు చేతులూ వీపుకి వేలెడు దూరంలో ఆగిపోతాయి. వేలికొస తగిలినా చాలు, ఒళ్ళు దాన్నే ఆసరా చేసుకుంటుందట. ఇక చెవి సంగతి తేలదు. ఎదుటి మనిషి ఊగితే తనూ ఊగుతుంది. ఆమె ఆసుపత్రిలో కంప్యూటర్లు బాగుచేయడానికి వెళ్ళి, పనైపోయినా ఆమె కబుర్లు వింటూ కూర్చుండిపోయే నాకు నవ్వొస్తుంది.

ఆవేళ దిమ్మ మీద నిలబడింది వాళ్ళ నాన్న. గోడలకి రంగులేసే మనిషి. కళ్ళు తిరిగి పడ్డప్పటి నుంచీ కూతురు ఆయన్ని నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. ఈ పరీక్ష నెగ్గితే ఎక్కనిస్తానంది. ఆయన ఇటూ అటూ కదల్లేదు. “చూశావా తల్లీ! రేపట్నుంచే పనిలోకి” అంటూ కళ్ళు తెరిచాడు.

ఆమె తన చేతి వంక చూసుకుంది. “ఇది లెక్కలోకి రాదు నాన్నా. నా వేలు నీ చొక్కాకి తగిలింది.”

“నాకేం తెలీలేదే!”

“నీ ఒంటికి తెలిసింది.”

“అందరి వెనకా బుద్ధిగా నిలబడతావు. నా దగ్గరే వచ్చిందా నీకీ చేతిదురద?” ఆయన మొహం ముడుచుకుపోయింది.

ఆమె నావైపు తిరిగింది. “అన్నా, వెళ్ళి పక్కగదిలో ఉన్న నర్సుని పిలుచుకురా. నాన్న వెనక ఆవిడే నిలబడాలి. ఈ చేతులు నా మాట వినవు.”