బావ తెచ్చిన పొట్టిచెట్టు

మొన్న శ్రీకాకుళంలో పూలమొక్కల ప్రదర్శన పెట్టారంటే, మోకాళ్ళు వద్దంటున్నా వెళ్ళాను. ఒక మూల ఆకుపచ్చ వల నీడలో, బల్ల మీద చిన్న చిన్న చెట్లు వరసగా పెట్టుకుని ఒక అమ్మాయి వచ్చినవాళ్ళకి వాటి సంగతులు చెబుతోంది. ఒకదాని దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. జానెడు ఎత్తు, వేళ్ళు విప్పిన అరచేతుల్లాంటి ఆకులు. మేపుల్ చెట్టు. కొమ్మకి చుట్టిన రాగితీగ చూపిస్తూ "దీన్ని ఏడాదిపాటు ఇలా వదిలేస్తే చాలండీ" అని ఆ అమ్మాయి అంటూంటే నా నోరు ఊరుకోలేదు. "అన్నాళ్ళు వదలకమ్మా, బెరడులోకి దిగిపోతాది" అన్నాను. "మీరూ పెంచారా అండీ?" అంది. అయిదేళ్ళు పెంచానన్నాను. "అయితే ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది ఉత్సాహంగా. వెనక ఎవరో పిలిచినట్టు నటించి అక్కణ్ణించి జారుకున్నాను. ఇంటికొచ్చే దాకా ఆ పాత చిరాకు నాతోనే వచ్చింది.

అది పంతొమ్మిది వందల అరవై ఆరో, అరవై ఏడో. కోటబొమ్మాళిలో మా ఇంట్లో అమ్మ, అక్క, నేను. నాన్న పోయి చాలా కాలమైంది. కొంత వరి పొలం కౌలుకిచ్చాం, నాకు కొత్తగా బడిపంతులు ఉద్యోగం. అక్కకి పెళ్ళయింది కాని అత్తవారింట ఎవరూ లేక మాతోనే ఉండేది. బావ పటాలంలో, ఎక్కడో ఈశాన్యపు కొండల్లో. భార్యని తీసుకెళ్ళడానికి క్వార్టర్సు ఇవ్వలేదట. వచ్చే ఏడు ఇస్తారని ప్రతి ఏడూ రాసేవాడు. ఒకసారి సెలవుకి వస్తూ, పాలపొడి డబ్బాలో తడి నాచు చుట్టిన ఒక మొక్కని మూడు రోజులు రైళ్ళలో మోసుకొచ్చాడు. అక్కడ వాళ్ళ ఆఫీసరు బంగళాలో ఒక ముసలి తోటమాలి ఇలాంటి చెట్లని పళ్ళెంలో పెట్టి, జానెడు ఎత్తు దాటనివ్వకుండా పెంచుతాడట. చలి మొదలవగానే ఆకులన్నీ ఎర్రబడి, చెట్టు నిప్పు అంటుకున్నట్టుంటుందట. అక్క వంటగది గుమ్మంలో నిలబడి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని వింది. "ఒరే బావమరిదీ, మీ అక్క అక్కడికి వచ్చేదాకా అక్కడి సెట్టు ఇక్కడుండాల. నీ సేతిలో పెడతన్నాను" అన్నాడు బావ. ఇరవై రెండేళ్ళవాణ్ణి, ఒప్పేసుకున్నాను.

మొదటి తగువు కుమ్మరితో వచ్చింది. వెడల్పు మూకుడు చేసి అడుగున కన్నాలు పెట్టమంటే, అతను నన్ను కింద నుంచి పైకి చూసి "పంతులుగారూ, కన్నాలెడితే అది మూకుడెలగవుతాదండి?" అన్నాడు. మూడుసార్లు తిరిగితే గాని చేసివ్వలేదు. ఇక ఊరివాళ్ళు. మా వైపు చేల నిండా గోగే. నార కోసం వేస్తారు, లేత ఆకు గోంగూరగా వండుతారు. నా మేపుల్ ఆకు అచ్చం గోగాకులాగే ఉండడం నా కర్మ. మా అరుగు ఎక్కిన ప్రతి మనిషీ "ఏటి, గోగుమొక్కకి ఇంత మర్యాదేటి?" అనేవాడు. భావనపాడు నుంచి వచ్చిన మా పెద్దత్త అయితే, నేను వద్దు వద్దంటూ పరిగెత్తుకొచ్చేలోగా ఒక ఆకు తుంచి నమిలి, "పుల్లగా నేదేటిరా?" అని ఉమ్మేసింది. అప్పటికి దానికి ఉన్నవే పదకొండు ఆకులు.

ఎండాకాలం వచ్చేసరికి ఆకుల అంచులు కాలిన కాగితంలా అయ్యేవి. తడి గోనెలు కట్టాను. వంశధార ఇసక తెప్పించి మట్టిలో కలిపాను. అక్క దాన్ని నీళ్ళ కుండల పక్కకి మార్చింది. అక్కడ చల్లగా ఉందని సంబరపడేలోగా వేళ్ళు కుళ్ళడం మొదలెట్టాయి. అమ్మకి ఈ వ్యవహారమంతా ఒళ్ళుమంట. పుట్టినప్పటి నుంచి పైరు ఎదగాలని దండం పెట్టుకున్న మనిషి. "ఎదగనియ్యవు, సావనియ్యవు. ఏటి పాపం సేసినాదిరా అది?" అనేది. ప్రతి కార్తీకంలోనూ అక్క మాత్రం ఒక్క మాటే అడిగేది: "ఎర్రబడతాదంటావా?" ఆకులు ఎర్రబడేవి కావు. మట్టిరంగుకి తిరిగి రాలిపోయేవి.

మధ్యలో రెండేళ్ళు బావకి సెలవు దొరకలేదు. ఆ రెండేళ్ళలో మొక్క ఎలాగో కోలుకుని మూరెడు ఎత్తు లేచింది. నాకు ఎంత గర్వమో! బావ రాగానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాను. అతను దాని చుట్టూ ఒకసారి తిరిగి, అక్క బట్టలు కుట్టే కత్తెర తెప్పించి, నా కళ్ళ ముందే సగానికి పైగా తెగ్గోశాడు. "రెండేళ్ళు పెంచినాను బావా!" అని అరిచాను. "పెంచినావు. పొట్టిసెట్టుని తాడిసెట్టు సేద్దామనుకున్నావు" అని నవ్వాడు. ఆ పూట నేను అన్నం ముట్టలేదు. వెళ్ళేముందు కొమ్మలకి రాగితీగ చుట్టి వంపు తిప్పడం నేర్పించాడు, ఓపిక పట్టమన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఏడాదికో, రెండేళ్ళకో వచ్చి కత్తెర ఆడించేవాడికి ఓపిక గురించి ఏం తెలుసు?

ఆ మరుసటి ఏడు నన్ను ట్రెయినింగుకి విజయనగరం పంపారు. తీగ చుట్టి, ఎవరూ ముట్టొద్దని గట్టిగా చెప్పి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే తీగ బెరడులోకి దిగి, కొమ్మంతా తాడుతో కోసినట్టు గాట్లు. అక్క మీద విరుచుకుపడ్డాను. కళ్ళు లేవా, కాస్త వదులు చెయ్యలేకపోయావా అని అరిచాను. అక్క ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి. ఆ రోజు బియ్యం చేట కింద పెట్టేసింది.

"నువ్వు ముట్టొద్దన్నావు. ఆయన ఓపిక పట్టమన్నారు. అమ్మ నోర్మూసుకోమంటాది. మరి నానేటి సెయ్యాలో కూడా ఎవురైనా సెప్పండిరా!"

నేను మొక్క గురించే మాట్లాడుతున్నాను కనక, అక్కా మొక్క గురించే అంటోందనుకున్నాను.

అయిదో ఏడు క్వార్టర్సు వచ్చాయి. తీసుకెళ్ళడానికి బావ వచ్చాడు. ప్రయాణం రోజు పొద్దున్న చూస్తే, ట్రంకుపెట్టె పక్కన మూకుడు గోనెలో కట్టి ఉంది. నాకు కోపం ఆగలేదు. "అయిదేళ్ళు నాను సచ్చీ సెడీ బతికించినాను. ఇప్పుడు పట్టుకెళ్ళిపోతావా?" అన్నాను. అక్క గొంతు తగ్గించి, బావకి వినపడకుండా అంది: "ఒరే తమ్ముడా, ఆయనతో కలిపి లెక్కేస్తే నిండా నాలుగు నెలలు ఉండనేదురా నాను. ఆ ఊరు నాకు తెలీదు, ఆయనా అంతగా తెలీదు. మనింటిది ఒకటి తోడుండనీరా." ఆమదాలవలస స్టేషను దాకా ఆ మూకుడు నా ఒళ్ళోనే పెట్టుకుని వెళ్ళాను. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి అక్కకి అందించాను. అది పట్టుకోడానికే రెండు చేతులూ సరిపోయి, అక్క నాకు చెయ్యి కూడా ఊపలేదు.

చలికాలంలో అక్క దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. చెట్టుకి ఒక్క ఆకైనా మిగలకుండా అన్నీ ఎర్రబడ్డాయని, పండుమిరప కూడా అంత ఎరుపుండదని, నా కోసమే ప్రత్యేకంగా ఫోటో తీయించామని రాసింది. ఆత్రంగా తీసి చూశాను. నలుపూ తెలుపూ ఫోటో. ఆకులన్నీ బూడిదరంగులో ఉన్నాయి. అయిదేళ్ళు పడ్డ పాట్లకి నాకు దక్కింది అదీ! ఫోటోని పెట్టెలో విసిరేసి వారం రోజులు దాని మొహం చూడలేదు. రెండేళ్ళకి బావకి బదిలీ అయితే, ఆ చెట్టుని అక్కడి తోటమాలికే ఇచ్చేసి వచ్చారట. ఆ ఎరుపు నేను చూడనేలేదు.

చాలా ఏళ్ళ తర్వాత పెట్టె సర్దుతూంటే ఆ ఫోటో మళ్ళీ చేతికొచ్చింది. అప్పుడు గాని చెట్టు పక్కనున్న మనిషిని సరిగ్గా చూడలేదు. చీర మీద బావ పెద్దకోటు తొడుక్కుని, చేతులు కోటు చేతుల్లో మునిగిపోయి, అక్క నోరారా నవ్వుతోంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అలా నవ్వడం నేను చూసిన గుర్తు లేదు. రోజుకి రెండుసార్లు ఆకులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను గాని, ఆ అయిదేళ్ళు అదే అరుగు మీద మరొకరికి కూడా గడుస్తున్నాయని నాకు తోచనే లేదు.