సున్నపు చుక్కల పందెం

మార్కాపురంలో పలకల వ్యాపారి రంగనాయకులుగారి బళ్ళు బాగుచేసే మెకానిక్కు విశ్వాసం. చదువు నాలుగో తరగతితో ఆగినా, ఇంజను చప్పుడు విని దాని రోగం చెప్పేవాడు. యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్ళు అమ్మేసిన మోటారు సైకిలు ఒకటి ముక్కలుగా ఆయన షెడ్డుకు చేరితే, ఏడాది కూర్చుని అతనే బిగించాడు. మర్నాటి నుంచి దాన్ని బిడ్డలా చూసుకున్నాడు.

ఆ తర్వాత రంగనాయకులుగారు మద్రాసులో పందేలకు తోలిన కారొకటి కొన్నారు. దానికి పైకప్పు లేదు, తలుపులు లేవు, చక్రాల మీద మడ్‌గార్డులైనా లేవు.

"రెండిటికీ పెట్రోలు యాడ తెచ్చేది? గెలిచింది ఉంటాది, ఓడింది అమ్మేస్తా," అన్నారాయన.

స్టేషను దారిలో రెండు ఫర్లాంగుల పందెం పెట్టి, ఆయన చివర నిలబడ్డారు. డ్రైవరు బాలయ్య తోలిన కారే ముందు చేరింది.

"అయ్యా, మొదట్లో నాదే దుమికింది. మీరు ఆడ లేరు," అన్నాడు విశ్వాసం.

"ఓడినోడు అట్లనే అంటాడులే నాయనా."

అతను హైస్కూల్లో సైన్సు చెప్పే నా దగ్గరికి వచ్చాడు. "అయ్యవారూ, దేని వేగం ముందు పెరిగిందో మీరే తేల్చాల."

రెండు డబ్బాలకు ఒకే మేకుతో బెజ్జాలు వేసి, సున్నపు నీళ్ళు పోసి, వాచీ చూస్తూ లెక్కపెట్టాను. రెండూ సెకనుకు రెండు చుక్కలు. వాటిని బళ్ళ వెనక కట్టి మళ్ళీ పందెం పెట్టించాను. ఆరునెలల మా పాప చెవుల్లో దూది పెట్టి, దారికి యాభై గజాల అవతల రాళ్ళగుట్ట వెనక మా ఆవిడ ఒళ్ళో ఉంచాను.

"ఇంకాస్త జరిగితే గిద్దలూరు వస్తాది," అందామె.

బళ్ళు పోయాక ఎర్రమట్టి మీద తెల్లచుక్కల వరుసలు రెండు మిగిలాయి. వేగం పెరిగేకొద్దీ చుక్కలు దూరదూరంగా పడతాయి కాబట్టి, చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం తాడుతో కొలిచాం. మొదటి డెబ్బై గజాల్లో మోటారు సైకిలు చుక్కల ఎడమే త్వరగా పెరిగింది. ఆ పైన కారుది సాగిపోయింది.

"చూసినావా, కడకు కారుదే," అన్నారు రంగనాయకులుగారు.

తాడు చుడుతున్న విశ్వాసం తలెత్తాడు. "అయ్యా, మన క్వారీ దావలో గొర్రెలు అడ్డం రాకుండా నూరు గజాలు ఏనాడన్నా పోయినారా?"

 బాలయ్య పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

వారంలో కారు నంద్యాలకు అమ్ముడుపోయింది. సోమవారం పొద్దున రంగనాయకులుగారు తలపాగా ఊడకుండా తువ్వాలును గడ్డం కింద ముడేసుకుని, విశ్వాసం నడుము పట్టుకుని మోటారు సైకిలెక్కారు. "నిదానం, నిదానం" అంటున్న ఆయన గొంతు వీధి మలుపు దాకా వినబడింది.