బొట్టు పెట్టి ఆపిన కంప్యూటర్

దసరా మరునాడు, గురువారం, ఉదయం పది గంటల పది నిమిషాలకు లెక్కల ఫైలు తెరుచుకోలేదు. ఏళ్లు గడిచినా గంటతో సహా చెప్పగలను. నిన్న నంద్యాలలో పింఛను కాగితాలు జిరాక్సు తీయిస్తుంటే కరెంటు పోయింది. బల్ల కింద బ్యాటరీ పెట్టె కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. కొట్టతను తాపీగా టీ తాగుతున్నాడు. నేను మాత్రం వంగి దాని మీటనే చూస్తూ ఉండిపోయాను. ఆ అరుపు వింటే నాకు శంషాద్ మేడం గుర్తొస్తుంది. ఆమె పోయి రెండేళ్లయింది.

ఆళ్లగడ్డలో మద్దిలేటి నడిపే విగ్రహాల పనికొట్టంలో నేను పెద్ద మేస్త్రిని. ఆమె లెక్కలు చూసేది. నంద్యాల నుంచి వారానికి మూడు రోజులు బస్సులో వచ్చేది. రాగానే కంప్యూటర్ మీది రాతిపొడిని పాత చీరముక్కతో తుడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా గంటసేపు పని చేసుకునేది. నాకంటే పదేళ్లు చిన్నది. మాట మాత్రం నాకంటే గట్టిది. ఒకనాడు నేను పీఠం మీద దాత పేరు చెక్కుతుంటే టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి బయటికొచ్చి నా వెనక నిలబడింది.

"ఏం పేరన్నా అది?"

"నాకేం తెలుసమ్మా. సుద్దతో గీసిచ్చినారు, చెక్కతాండా."

"ముప్పై ఏండ్లుగా చెక్కతాండావే, ఒగటన్నా చదవలేవా?"

"చదివేది నా పని గాదు."

"రేపట్నించి నీ పనే."

విగ్రహాలకు నునుపు పట్టే నాగమ్మ పక్కనే ఉంది. "ఇంగ దేవుళ్లకు ముక్కులు ఎవురు పెడతారు? ఓబులేసన్న కలెక్టరయ్యేటట్టుండాడే!" అని నవ్వింది. నాకప్పటికి యాభై ఎనిమిది. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. కానీ మరునాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక మేడం నన్ను నిజంగానే పట్టుకుంది. అందరికీ నేర్పినట్టు పలక మీద దిద్దించలేదు. అక్షరాల ఆకారాలు నా చేతికి ఎప్పుడో వచ్చని, రానిది వాటి పలుకేనని ఆమె కనిపెట్టింది. నేను చెక్కిన పేర్లనే నా వేలితో తడిమించి, పైకి పలికించింది. ఆరు నెలలకు బస్టాండులో బోర్డు చదివి, తప్పు బస్సు ఎక్కిన ముసలాయన్ను దించాను. ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటే, "ఇంగ డ్రైవరును గూడ దించుతావేమో, జాగ్రత్త" అంది. పొగడ్త ఆమె నోట అంతకు మించి రాదు.

మా పనికొట్టంలో ఆయుధపూజకు ఒక కట్టుబాటు ఉంది. పూజ అయ్యాక ఏ పనిముట్టూ మేలుకుని ఉండకూడదు. ఉలులు, సుత్తెలు కడిగి వరసగా పరుస్తాం. కోత మిషన్ వైరు తీసేస్తాం. అన్నిటికీ బొట్టు పెడతాం. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి ఆ పని నాదే. ఆ మంగళవారం మధ్యాహ్నం కుంకుమ పళ్లెంతో ఆఫీసు గదిలోకి పోతే కంప్యూటర్ నడుస్తోంది. మేడం అప్పటికే బస్సుకు వెళ్లిపోయింది. తెర అంచున చీటీ అంటించి ఉంది. చదివాను: "ఫైలు సర్దుకుంటోంది. ఆపవద్దు."

ఒక్క అక్షరం కూడా తడబడలేదు. అర్థమూ అయింది. అయినా ఇదొక్కటీ మేలుకుని ఉంటే పూజ చెడుతుందని అనుకున్నాను. తెరకు బొట్టు పెట్టి మెయిన్ స్విచ్చు ఆపాను. కింద పెట్టె కీచుకీచుమని అరిచింది. దాని మీటా నొక్కేశాను.

గురువారం మేడం వచ్చి ఫైలు తెరవబోతే, డేటా పాడైంది, తెరవలేము అని వచ్చింది. ఆమె కంగారుపడలేదు. తెర మీది మాటలను ఉన్నవున్నట్టు కాగితం మీద రాసుకుంది. తర్వాత ఆ ఫోల్డరు మొత్తాన్ని ఇంకోచోటికి నకలు తీసింది. "అసలుదాన్ని ముట్టగూడదన్నా. నెర్రె ఇచ్చిన రాతి మీద మళ్లా ఉలి పెడతావా? ఏం తిప్పలు పడినా నకలు మీదే పడాల" అంది. బాగు చేసే దారులు మూడు పట్టి చూసింది. మూడుసార్లూ అదే మాట వచ్చింది.

నడుస్తుండగా మిషన్ ఆగిపోయినట్టుందని ఆమె అనగానే మద్దిలేటి అరుపులు అందుకున్నాడు, నాగమ్మ పని వదిలి గుమ్మంలోకొచ్చింది. "ఆరేండ్ల లెక్క! మిషన్ నడస్తాంటే ఇడిచిపెట్టి బస్సెక్కుతావా? రేపట్నించి రావద్దు నువ్వు."

"చీటీ అంటించి పోయినా."

"యాడ చీటీ?"

"యాడో పడిపోయింటాది."

పడిపోలేదు. ఆమె పిడికిట్లో ఉంది. దాని అంచుకు నా కుంకుమ వేలిముద్ర ఎర్రగా కనబడుతోంది. వచ్చీరాగానే చూసింది, దాచింది. మొగుడు లేని మనిషి, కూతురి నర్సింగు చదువు ఈ జీతం మీదే నడుస్తోంది. అయినా నా పేరు ఎత్తలేదు.

"చీటీ ఉన్నా చదివేదెవురు? నాగమ్మకు రాదు. ఓబులేసన్నకు ఏదో రెండు అచ్చరాలు" అన్నాడు మద్దిలేటి. నేను తప్పించుకోవడానికి తలుపు తీసిపెట్టినట్టే అయింది. చదవడం రాదంటే చాలు. బతుకంతా అదే చెప్పి గట్టెక్కాను. కానీ ఇప్పుడు ఆ మాటంటే ఆమె నౌకరీతో పాటు ఆమె నాకు నేర్పింది కూడా అబద్ధమవుతుంది.

"చదివినా మద్దిలేటీ" అన్నాను. "ఆపొద్దని రాసింది. శుబ్బరంగా చదివినా. చదివే ఆపినా. ఆయమ్మను ఏందీ అనేది? పొమ్మంటే నన్ను పొమ్మను."

ముందు నాగమ్మే నోరు తెరిచింది. "నీకు నిజంగానే చదవనొచ్చిందా అన్నా!"

మద్దిలేటి కుర్చీలో కూలబడ్డాడు. "నిన్ను పొమ్మంటే పనెవురు చేస్తారప్పా" అని గొణిగి, మేడం వైపు చూడకుండానే, "ఏమన్నా దావ ఉండాదా?" అని అడిగాడు. ఆమె సంచిలోంచి పెన్‌డ్రైవు తీసింది. "శనివారం దాకా నకలు ఈడ ఉండాది. తెరుచుకుంటే సోమ, మంగళవారాలవి బిల్లు బుక్కు చూసి మళ్లా ఎక్కిస్తా."

"ముందే చెప్పొచ్చు గదా!"

"నువ్వు అరిచేది ఆపితే గదా చెప్పేది."

పెన్‌డ్రైవులోని నకలు తెరుచుకుంది. బిల్లు బుక్కు నా చేతికిచ్చి చదవమంది. నేను కూడబలుక్కుంటూ చదువుతుంటే, ఒక్కసారి కూడా తొందరపెట్టకుండా ఆమె ఎక్కించింది. మధ్యాహ్నం రెండయింది. అన్నీ సరిపోయాక ఒక నోటుబుక్కు నా ముందుకు తోసింది. "రాయన్నా. ఏ రోజు, ఏ గంట, ఏమైంది, ఎవరెవరుండారు. అన్నీ రాయి."

"ఎవరుండారో ఎందుకమ్మా?"

"రాయకుంటే తప్పు లేనోళ్ల మీద పడతాది."

నన్ను కాపాడాలని చీటీ దాచిందో, నేనే నోరు తెరుస్తానని కాచుకుందో ఆమెను ఎప్పుడూ అడగలేదు. ఒకరు గీసివ్వకుండా, నా అంతట నేను రాసిన మొదటి మాటలు ఆ పేజీలోవే. అప్పట్నుంచి నా చేత ఏది చెడినా ఎవరి వెనకా దాక్కోలేదు. ఆమె నుంచి నాకు మిగిలింది అదే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: మద్దిలేటి, నాగమ్మ, శంషాద్ మేడం. ఆపినవాడు ఓబులేసు.