మూడు చుక్కల మీద నడిచిన పడవ

ఏలూరులో కీఫ్రేముకి ఇంత అని రేటు కట్టిన మొదటి వీడియో ఎడిటర్ని నేనే. రెండోవాడు ఇంతవరకూ రాలేదు. 2022లో, స్టేషన్ దగ్గర మేడ మీద గది అద్దెకు తీసుకున్న కొత్తలో చేసిన ఘనకార్యం అది. మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. లెక్కపెట్టడానికి వీలైన ప్రతిదానికీ ధర ఉంటుందని మా ఇంట్లో పిల్లలకు పలక పట్టకముందే తెలుస్తుంది.

తెర మీద ఒక బొమ్మ కదలాలంటే, అది ఏ క్షణానికి ఎక్కడ ఉండాలో చుక్క పెట్టి చెబుతాం. ఆ చుక్కే కీఫ్రేము. చుక్కకీ చుక్కకీ మధ్య దారిని సాఫ్ట్‌వేరే గీస్తుంది. దాన్ని మోషన్ పాత్ అంటాం. దారిని లెక్కపెట్టలేం, చుక్కల్ని లెక్కపెట్టగలం. అందుకని చుక్కకి పదిహేను రూపాయలని బోర్డు పెట్టాను.

ఆ ఏడాది వానలు తగ్గాక కొల్లేటి లంక నుంచి దుర్గ అనే అంగన్‌వాడీ టీచరు వచ్చింది. వాళ్ల నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది. జీవితమంతా కొల్లేట్లో పడవ నడిపిన మనిషి. గెడ పట్టుకుని పడవ మీద నిలబడిన ఫొటో ఒక్కటే మిగిలింది, వీడియో లేదు. సంవత్సరీకం నాడు ఆయన మళ్లీ పడవ మీద వెళ్తున్నట్టు వాళ్లమ్మకి చూపించాలట. రెల్లు పొద దగ్గర కాలవ మలుపుని తనే ఫోనులో వీడియో తీసి తెచ్చింది.

“చుక్కకి పదిహేనాండీ? చుక్కలెవరు లెక్కపెడతారు?”

“నేనేనండీ.”

“అమ్మేదీ మీరే, తూచేదీ మీరేనా. పది చేసుకోండి.”

పన్నెండు దగ్గర ఇద్దరం ఆగాం. ఫొటోలోంచి మనిషినీ పడవనీ కత్తిరించడానికి ఐదు వందలు విడిగా.

మొదట పెట్టిన చుక్కలతో పడవ మలుపులో కాస్త కుదుపుగా కదిలింది. అక్కడొక చుక్క పెట్టాను. కుదుపు పక్కకి జరిగింది. అక్కడా ఒకటి పెట్టాను. రోగానికి మందు, నాకు ఆదాయం. మూడో రోజుకి చుక్కలు అరవై రెండయ్యాయి. పడవ గతుకుల రోడ్డు మీద ఆటోలా వెళ్తోంది. అయినా బాగానే ఉందనుకున్నాను. ఏడు వందల నలభై నాలుగు రూపాయల సరుకు బాగోకుండా ఎలా ఉంటుంది?

సంవత్సరీకం ఇంకో రెండు రోజులుందనగా దుర్గ చూసుకోవడానికి వచ్చింది. అమ్మకి ముందే చూపించకూడదనుకుంది గానీ, బజారు పని మీద వెంట వచ్చిన ఆవిడ కూడా మెట్లెక్కేసింది. చేసేది లేక వేసి చూపించాను.

“ఎవరి పడవ బాబూ ఇది?” అందావిడ.

“నాన్నదేనమ్మా,” అంది దుర్గ.

“మొహం ఆయనదే. నడక ఆయనది కాదు. ఎవరో కొత్తగా నేర్చుకుంటన్నారు.”

దుర్గ తల దించుకుంది. నా అరవై రెండు చుక్కలూ కలిసి ఆయన్ని పరాయివాణ్ణి చేశాయి.

“ఆయన ఎలా నడిపేవారమ్మా?” అని అడిగాను.

ఆవిడ లేచి, మూలనున్న నా ట్రైపాడ్ని గెడలా పట్టుకుంది. “ఒక్కసారి దించి నెడతారు. ఇంక ఎత్తి ఊరుకుంటారు. పడవని పోయినంత దూరం పోనిస్తారు. నెమ్మదించాకే మళ్లీ దించేది. మలుపుకి ముందే కాస్త ఒరుగుతారు, పడవే తిరుగుతాది. మీరు అడుగడుక్కీ పొడుస్తున్నారు బాబూ. అలా అయితే బురద లేస్తాది, చేప బెదురుతాది, ఇంటికొచ్చేసరికి చెయ్యి పడిపోతాది.”

“ఈయనకి పొడుపుకి పన్నెండు రూపాయలమ్మా,” అంది దుర్గ.

వాళ్ల ముందే చుక్కలన్నీ చెరిపేశాను. బయలుదేరే చోట ఒకటి, మలుపులో ఒకటి, రెల్లు దాటి తెర వదిలే చోట ఒకటి పెట్టాను. మలుపు చుక్కకి రెండు వైపులా మీసాల్లా హ్యాండిల్స్ ఉంటాయి. వాటిని పొడుగ్గా లాగితే దారి ముందునుంచే వంపు తీసుకుంటుంది. తరవాత ఈజ్ అనే సర్దుబాటుతో, చుక్క దాటగానే పడవకి జోరిచ్చి, మరో చుక్క దగ్గరపడేకొద్దీ నెమ్మదింపజేశాను.

ఈసారి పడవ మలుపు తిరుగుతుంటే కుర్చీలో ఆవిడ కూడా కొద్దిగా ఒరిగింది.

“మా ఇల్లు ఆ రెల్లు వెనకాలే,” అంది. “ఇంకాసేపట్లో వచ్చేస్తారు. మళ్లీ ఒకసారి వెయ్యండి బాబూ.”

నాలుగుసార్లు వేశాను.

అప్పటినుంచీ కుదుపు కనిపిస్తే చుక్క చేర్చడం మానేశాను. ముందు ఒకటి తీసి చూస్తాను. చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. బోర్డు కూడా తీసేశాను. ఇప్పుడు మొత్తం పనికి ఇంత అని చెబుతాను, కాస్త ఎక్కువే చెబుతాను.

ఆ రోజు బిల్లు మాత్రం ఒప్పుకున్న ప్రకారమే రాశాను. కత్తిరింపు ఐదు వందలు. కీఫ్రేములు మూడు, పన్నెండు చొప్పున ముప్పై ఆరు. చెరిపేసినవాటికి ఏమీ లేదు. దుర్గ ఐదు వందల నోటు తీసి, చిల్లర వదిలెయ్యమంది. కావాలంటే కత్తిరింపులో యాభై తగ్గిస్తాను గానీ, ఆ ముప్పై ఆరులో ఒక్క రూపాయి కూడా తగ్గదన్నాను.

“సరేనండి,” అని వెంటనే నోటు లోపల పెట్టి, నాలుగు వందల ఎనభై ఆరు లెక్కపెట్టి ఇచ్చింది. తను ఇస్తానన్నదానికి పద్నాలుగు తక్కువ.