కలిసొచ్చిన ఇల్లు, ముట్టని అడ్వాన్స్

అది 2024 ఏప్రిల్ నెలాఖరు. సిద్దిపేటలో ఎండలు మండిపోతున్నాయి. ఇంకో మూడు రోజులైతే మూఢం పడుతుంది. మూఢంలో ఎవరూ ఇల్లు మారరు, పాలు పొంగించరు. అది వెళ్లగానే ఆషాఢం వస్తుంది. అంటే శ్రావణం దాకా నా పనికి తాళమే. నేను కిరాయి ఇండ్లు చూపించే బ్రోకర్ని. ఏళ్ల తరబడి ఇదే నాకు తిండి పెడుతోంది. ఊళ్లో నన్ను టూలెట్ సత్తెమ్మ అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఫోనెత్తి నేనే అలా చెప్పుకుంటున్నాను.

మా పనిలో ఇల్లు వెతుక్కునేవాళ్లను "పార్టీ" అంటాం. ఒక్కడే వచ్చినా పార్టీయే. ఇంట్లో చేరేముందు యజమాని చేతిలో పెట్టే మూడు నెలల కిరాయి "అడ్వాన్స్". ఖాళీ చేసేటప్పుడు అది తిరిగివ్వాలి. ఆ సంగతి తెలియని యజమాని ఈ ఊళ్లో లేడు. కానీ తీసుకునే రోజు చల్లగా నవ్విన మనిషికి ఇచ్చే రోజు గోడ మీద గీతలు కనిపిస్తాయి, నల్లా కారుతున్నట్టు వినిపిస్తుంది.

ఆ రోజు పొద్దున్నే స్వరూప ఫోన్ చేసింది. ఆమెది కోహెడ. భర్త లారీ మీద పోతే నెలకొకసారి ఇంటికి వస్తాడు. మెదక్ రోడ్డు లోపలి గల్లీలో అంజయ్య సేటు ఇల్లు ఆమెకు ఇప్పించింది నేనే. చేరిన కొత్తలో బండి మీద ఇడ్లీలు అమ్మేది. తర్వాత ఇంటి వెనక రేకుల షెడ్డులో పొయ్యి పెట్టి కూరలు వండి, పాకెట్లు కట్టి అమ్మింది. ఆమె పప్పుచారు కోసం సాయంత్రం గల్లీ చివరిదాకా బండ్లు ఆగేవి. ఇప్పుడు పాత బస్టాండు దగ్గర ఒక మడిగె చూసుకుంది. ముందు దుకాణం, వెనక ఉండడానికి గది. టోకెన్ కూడా ఇచ్చింది. టోకెన్ అంటే జాగ మనకే ఆపమని ముందుగా ఇచ్చే చిన్న మొత్తం. మాట తప్పితే అది పోయినట్టే.

"అక్కా, సేటు అడ్వాన్స్ ఇస్తలేడు. గోడలు జిడ్డు పట్టినయంట, రంగులకే సరిపోతయంట. మడిగె ఆయనేమో మూఢం పడేదాక్నే ఆగుతనన్నడు. గిప్పుడు నేనేం చెయ్యాలె?"

"తాళంచెవి ఇచ్చినవా?"

"ఇయ్యలే."

"ఇయ్యకు. సామాను పంపినా మంచిదే, తాళం మాత్రం నీదే ఉండాలె."

మా పనిలో మొట్టమొదటి పాఠం ఇదే. తాళంచెవి ఇచ్చాక కిరాయిదారుడి ఫోన్‌కు యజమాని దగ్గర సిగ్నల్ ఉండదు.

నేరుగా సేటు ఎరువుల దుకాణానికి పోయాను. అంజయ్య సేటు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. డబ్బుల మాటెత్తగానే చూపు యూరియా బస్తాల మీదికి పోయింది.

"సత్తెమ్మా, వంటలు చేసి చేసి ఇల్లంత ఆగం చేసింది. రంగులకు కోస్తే ఆమెనే నాకు బాకీ పడ్తది."

"ఆమె వండింది ఎనుక షెడ్డుల గద సేటూ."

"పొగకు ఇల్లేంది, షెడ్డేంది? అన్ని దిక్కుల పోతది. సరే, కొత్తోళ్లు చేరనీ, అప్పుడు చూద్దాం."

యజమాని నోట "చూద్దాం" అనే మాట వచ్చిందంటే ఇక చూసేదేమీ లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ చాయ్ సగంలో వదిలేసి వచ్చాను. స్వరూప ఇంటికి పోయి చూస్తే అంతకంటే ఘోరం. తాళంచెవి వస్తుందన్న ఆశతో సేటు నీళ్ల మోటరు బంద్ చేయించాడు. స్వరూప పక్కింటి నుంచి బిందెతో నీళ్లు మోసుకుంటోంది. గోడలా, ఆమె నిరుడు దసరాకు సొంత ఖర్చుతో సున్నం కొట్టించినవి, తెల్లగా మెరుస్తున్నాయి.

లాయరుతో నోటీసు పంపించవచ్చు, నేను సాక్ష్యం చెప్పవచ్చు. అగ్రిమెంట్ కాగితం లేదు, అడ్వాన్స్ రసీదు లేకుండా చేతికిచ్చింది, అయినా గెలిచేవాళ్లమేమో. కానీ అది తేలేసరికి ఆ మడిగెలో ఇంకెవరో దుకాణం పెట్టి పాతబడేవారు. స్వరూప గడప మీద కూలబడి, "బండి మీదికెళ్లి దుకాణం దాక వచ్చిన అక్కా, మల్ల బండి మీదికే పోవాల్నా?" అంది. ఈ ఇల్లు ఇప్పించి కమీషన్ తీసుకున్నది నేను. ఆమె నా మాట నమ్మి చేరింది.

ఆ సాయంత్రం సేటే ఫోన్ చేశాడు. దారి చూపించింది ఆయనే.

"సత్తెమ్మా, మూఢం పడకముందే ఎవరన్నుంటే తీస్కరా. కిరాయి జర ఎక్కువ చెప్పు. కలిసొచ్చిన ఇల్లని చెప్పు. బండి మీద ఇడ్లీలు అమ్మినామె గీ ఇంట్ల ఉండే మడిగె దాక పోయిందని చెప్పు."

ఫోన్ పెట్టేసి పకపకా నవ్వాను. మా దగ్గర ఇల్లు చూసేవాళ్లు నీళ్లు, గాలి, వెలుతురు చూస్తారు నిజమే. కానీ అసలు ప్రశ్న చివరికి గొంతు తగ్గించి అడుగుతారు: "ముందటోళ్లకు కలిసొచ్చిందా?" ఆ ఇంట్లో ఉన్నవాళ్లు బాగుపడి పోయారా, చితికి పోయారా అన్నది వాళ్లకు కావాలి. బాగుపడ్డారంటే కిరాయి ఎక్కువైనా ఒప్పుకుంటారు. ఏడ్చుకుంటూ పోయారని తెలిస్తే ఊరికే ఇస్తామన్నా చేరరు. సేటు ఒక చేత్తో స్వరూప డబ్బు పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె అదృష్టాన్ని అమ్ముకుందామని చూస్తున్నాడు. అమ్మనీ, అనుకున్నాను.

నా దగ్గర అప్పటికే ఒక పార్టీ ఉంది. రాయపోల్ నుంచి బాలవ్వ అనే పెద్దామె. కొడుక్కి మొన్ననే పెళ్లి చేసింది. అతనికి సిద్దిపేటలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. కొత్త కాపురం మూఢం పడకముందే పెట్టించాలని ఆమె తొందర. మూడిండ్లు చూపిస్తే మూడింటికీ వంక పెట్టింది. ఆమె అడిగినన్ని ప్రశ్నలు పిల్లనిచ్చేవాళ్లు కూడా అడగరు. నాకు సరిగ్గా అలాంటి మనిషే కావాలి.

మర్నాడు పొద్దున బాలవ్వనూ, కొడుకూ కోడలినీ వెంటబెట్టుకుని బయల్దేరాను. సేటును కూడా రమ్మన్నాను. స్వరూపకు ఒక్క మాటే చెప్పాను.

"ఏమడిగితే ఉన్నదే చెప్పు. అబద్ధం వద్దు, ఏడుపొద్దు."

సేటు తెల్ల చొక్కా వేసుకుని ముందే వచ్చి నిలబడ్డాడు. నీళ్ల మోటరు కూడా ఆ పొద్దున ఎట్లా బాగైందో బాగైంది. బాలవ్వ గదులు తిరిగింది, వంటింట్లో గోడ మీద అరచేయి పెట్టి రాసి చూసుకుంది. "గోడలు మంచిగున్నయి" అంది. సేటు ఆ ఊపులో, "కలిసొచ్చిన ఇల్లమ్మా. గీమె బండి మీదికెళ్లి మడిగె దాక వచ్చిందంటే గీ ఇంటి మహిమనే" అన్నాడు.

"అట్లనా? అయితే ఆమెనే అడుగుత" అంది బాలవ్వ. గడప దగ్గర నిలబడ్డ స్వరూప వైపు తిరిగింది. "ఏం బిడ్డా, గీ ఇల్లు నీకు కలిసొచ్చిందా?"

స్వరూప సేటు వైపు ఒకసారి చూసింది. కోపంతో ఇంటిని తిడితే పార్టీ పోతుంది, అడ్వాన్స్ కూడా పోతుంది.

"ఇల్లు బంగారమవ్వా" అంది. "గీడ పొయ్యి ముట్టించినప్పటి సంది నాకు తిండికి తక్కువ కాలే. అబద్ధమెందుకు చెప్పాలె? కని పోయేటప్పుడే గోస పడుతున్న. సేటు నా అడ్వాన్స్ ఇస్తలేడు. రేపటిలోపట కట్టకపోతే నా మడిగె పోతది."

బాలవ్వ ముఖం మారిపోయింది. కోడలి చెయ్యి పట్టుకుని గడప దాటించి బయట నిలబెట్టింది.

"ఏం సేటూ, నిజమేనా?"

"ఇస్తనమ్మా, ఇయ్యనంటినా? జర రంగులు..."

"ఏ రంగులు? నా చెయ్యి చూడు, మరక అంటిందా? ఒకల ఉసురు పోసుకున్న ఇంట్ల నా కోడలు పాలు పొంగియ్యది."

"రేపు ఇస్త."

"మేం గూడ రేపే చెప్తం. ఎల్లుండి మూఢం. శ్రావణం దాక నీ ఇంటికి నువ్వే తాళమేసుకో."

సేటు నా వైపు చూశాడు, సాయం పట్టమన్నట్టు. నేను పమిటతో చెమట తుడుచుకుంటూ ఎండను తిట్టాను. అప్పటికే గల్లీలో ఆడవాళ్లు తలుపుల దగ్గరికి వచ్చేశారు. వాళ్లంతా స్వరూప పప్పుచారు తిన్నవాళ్లే.

"నా దగ్గర అన్ని పైసలు లేవు గిప్పుడు" అన్నాడు సేటు.

"ఫోన్ల ఉన్నయి గద" అంది స్వరూప. కూరల బేరం కోసం గోడకు అంటించిన స్కానర్ కాగితం ఇంకా అక్కడే ఉంది. సేటు అద్దాలు సవరించుకుని ఫోన్ దాని ముందు పెట్టాడు. అప్పుడు, సర్దిపెట్టిన గిన్నెల మూటలో నుంచి, ఆమె బేరానికి వాడుకునే స్పీకరు డబ్బా గట్టిగా మొత్తం చదివి, "అందాయి" అని చాటింది. గల్లీ మొత్తానికి వినబడింది. పక్కింటామె చప్పట్లు కొట్టింది. ఎదురింటి ముసలాయన, "ఇంకోసారి చెప్పుమనుండ్రి, నాకు చెవుడు" అన్నాడు. సేటుకు కూడా నవ్వాగలేదు.

స్వరూప గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టింది. తాళంచెవి సేటుకు ఇవ్వలేదు. కొత్త కోడలి చేతిలో పెట్టి, "నాకు అన్నం పెట్టిన ఇల్లు, నీకు గూడ పెడ్తది చెల్లే" అంది. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఎన్ని ఇండ్ల తాళాలు చేతులు మారడం చూశాను, అంత నిండుగా ఇచ్చిన మనిషిని చూడలేదు. బాలవ్వ అడ్వాన్స్ కట్టింది, ఆ మర్నాడే పాలు పొంగాయి. అదే పొద్దున పాత బస్టాండు దగ్గర స్వరూప మడిగె షటర్ పైకి లేచింది. మొదటి బేరం నాదే, వంకాయ కూర. డబ్బులు వద్దంది, బలవంతంగా ఇచ్చాను. సేటు నా కమీషన్‌లో కొంత కోసుకున్నాడు. కోసుకోనీ, ఆ తమాషాకు టికెట్ అనుకున్నాను.

ఈ ఘటన నా పని పద్ధతిని మార్చేసింది. ఇల్లు ఖాళీ చేసి పోయే మనిషి చేతిలో ఏ బలమూ ఉండదని అప్పటిదాకా నేనూ అనుకునేదాన్ని. ఉంటుంది. ఆ ఇంటి గురించి ఆ మనిషి చెప్పే మాట కోసం కొత్తగా వచ్చేవాళ్లు చెవులు రిక్కించుకుని ఉంటారు. అందుకే ఇప్పుడు ఏ పార్టీని తీసుకుపోయినా, గోడలు తర్వాత చూడండి, ముందు ఖాళీ చేసేవాళ్లతో మాట్లాడండి అని చెబుతాను. పాతవాళ్ల అడ్వాన్స్ ముట్టని ఇంటికి మనుషుల్ని తీసుకుపోను. కొందరు యజమానులు అలిగి నన్ను పిలవడం మానేశారు. వాళ్ల బోర్డులు వేలాడుతూనే ఉన్నాయి.

మొన్న అంజయ్య సేటు ఫోన్ చేశాడు. ఆయన ఇంకో ఇల్లు ఖాళీ అవుతోందట.

"పార్టీ ఉంటే తీస్కరా సత్తెమ్మా. పాతోళ్ల పైసలు పొద్దుగాలనే ఇచ్చేసిన. నమ్మకపోతే వాళ్లనే అడుగు."

అడిగాను. ఇచ్చాడట, పైసా కోయకుండా.